హంద్రీ ఒడ్డు గుమ్మజ్ కథ పిల్లలకు ఎవరు చెప్పాలి? పర్యాటక మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి కర్నూలు నుంచి ఒక సోషల్ మాస్టారు నమస్కరించి రాయునది.

ఈ ఏడాది మా పదో తరగతి పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి విజయపుర తీసుకెళ్ళాం. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ బీజాపూర్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. రాయచూరు మీదుగా రాత్రంతా బస్సు. తెల్లారి గోల్ గుంబజ్ ముందు దిగగానే ఒక పిల్లాడు తల పైకెత్తి చూసి అడిగాడు: “సార్, మన ఊర్లో ఉండే గోల్ గుమ్మజ్‌కి ఇది అన్ననా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి “ముందు టికెట్లు తీసుకుందాం పదరా” అన్నాను. నిజానికి నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్ళుగా సోషల్ చెబుతున్నాను. మొఘల్ చక్రవర్తుల వరస నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఊళ్ళో హంద్రీ నది ఒడ్డున ఆ గుమ్మటం కింద పడుకున్నాయన ఎవరో పిల్లలకు నాలుగు మాటల్లో చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు బీజాపూర్ సంగతి. మా నాన్న తాపీ మేస్త్రీ. చిన్నప్పుడు ఆయన వెంట పనికి వెళ్ళేవాణ్ణి కాబట్టి ఏ కట్టడం చూసినా ముందు దాని బరువు ఎటు దిగుతోందో వెతకడం నాకు అలవాటు. గోల్ గుంబజ్‌లో ఆ అలవాటు ఒక పూటంతా నన్ను అక్కడే కట్టి పడేసింది. బయటి నుంచి చూస్తే అదొక పెద్ద నల్లరాతి పెట్టె. ఒక్కో వైపు 47 మీటర్ల పైచిలుకు. నాలుగు మూలలా ఏడంతస్తుల బురుజులు. నెత్తిన బోర్లించిన గుమ్మటం. లోపలికి వెళితే ఒక్క స్తంభం కూడా లేదు. దాదాపు 135 అడుగుల చదరపు గది, అంతా ఖాళీ.

నాలుగు మూలలున్న గది మీద గుండ్రటి గుమ్మటం ఎలా కూర్చుంటుంది? పిల్లలకు ఇది బోర్డు మీద చెబితే ఎక్కదు. మా టీచరమ్మ ఒకావిడ ఆ నేల మీదే వేలితో ముగ్గు వేసినట్టు చూపించింది. ఒక చదరం గీయి, దాని మీద ఇంకో చదరం ఏటవాలుగా తిప్పి గీయి. ఎనిమిది కొసల నక్షత్రం వస్తుంది, మధ్యలో అష్టకోణం మిగులుతుంది. మన సంక్రాంతి ముగ్గుల్లో రోజూ చూసేదే. బీజాపూర్ మేస్త్రీలు ఆ గీతల చోట కమానులు లేపారు. ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయే ఎనిమిది కమానులు. అవి పైకి పోయేకొద్దీ గది ఇరుకై, చివరికి 97 అడుగుల వలయం మిగిలింది. గుమ్మటం లోపలి వెడల్పు మాత్రం 124 అడుగులు. అంటే గుమ్మటాన్ని ఆ వలయం అంచున పెట్టలేదు, వెనక్కి జరిపి పెట్టారు. ముందు మిగిలిన జాగాయే మనం చుట్టూ నడిచే వసారా.

అసలు తెలివంతా అక్కడే ఉంది మంత్రి గారూ. ఏ గుమ్మటమైనా తన బరువుతో గోడల్ని బయటికి తోస్తుంది. ఇక్కడ లోపలికి వేలాడుతున్న ఆ కమానుల బరువు లోపలికి లాగుతుంది. ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంటే ఇల్లు నిలబడింది. మా నాన్న చూసి ఉంటే బీడీ ముట్టించుకుని ఓ గంట మాట్లాడేవాడు కాదు.

ఆ వసారాలో పిల్లల గోల చెప్పక్కర్లేదు. అటు చివర గోడకి నోరు పెట్టి గుసగుసలాడితే ఇటు చివర చెవికి వినబడుతుంది. “సార్” అని ఒక్కడు అరిస్తే అరడజనుసార్లకు పైనే “సార్” వచ్చింది. క్లాసులో ఒక్కసారి కూడా అంత గౌరవం దక్కలేదు నాకు.

కింద మధ్యలో గద్దె మీద సమాధులున్నాయి. బీజాపూర్ సుల్తాను ముహమ్మద్ ఆదిల్ షా 1627లో గద్దెనెక్కి 1656లో పోయాడు. ఆయన, ఆయన బేగములు, కూతురు, మనవడు, రంభ అనే నాట్యకత్తె. పైన కనబడేవి గుర్తులే, అసలు గోరీలు కింద నేలమాళిగలో ఉన్నాయి. రాజు పక్కన నాట్యకత్తె పేరు కూడా చెప్పుకునే సమాధి దేశంలో ఎన్ని ఉన్నాయి? ఆడపిల్లలు అక్కడే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఇప్పుడు పిల్లాడి ప్రశ్నకు వస్తాను. అన్నా కాదా?

తిరిగొచ్చాక లైబ్రరీల చుట్టూ తిరిగి కూడబెట్టుకున్నది ఇది. విజయనగరం పడిపోయాక ఈ సీమ మీద బీజాపూర్ సుల్తానుల చెయ్యి పడింది. 17వ శతాబ్దం మొదటి పాదంలో కర్నూలు వాళ్ళకు దక్కింది. ఇక్కడికి వచ్చిన వాళ్ళ తొలి పాలకుడు అబ్దుల్ వహాబ్ ఖాన్. హబ్షీ, అంటే అబిసీనియా (నేటి ఇథియోపియా) మూలాల మనిషి. ఎర్ర సముద్రం అవతలి నేల ఎక్కడ, హంద్రీ ఎక్కడ! ఆ కాలపు దక్కన్‌లో ఆయన ఒక్కడే కాదు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టిన మాలిక్ అంబర్ హబ్షీయే. మన ఆదోనిని పాలించి అక్కడ జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ కూడా హబ్షీయే. బానిసలుగా ఓడెక్కిన జాతి మనుషులు కోటలు ఏలే దాకా వచ్చారు. అబ్దుల్ వహాబ్ ఖాన్ ఇక్కడే పోయాడు, హంద్రీ ఒడ్డునే సమాధి అయ్యాడు. గుమ్మటాలు, కమానులు, వరండాలతో ఆ కట్టడానికి జనం పెట్టుకున్న పేరు గోల్ గుమ్మజ్. కొలతల్లో మన గుమ్మజ్ బీజాపూర్ గుంబజ్‌కి సాటి రాదు, ఎవరూ అలా అనుకోనక్కర్లేదు. కానీ ఒకే ఏలుబడిలో, ఒకే తరం నాటి పనితనం. కాబట్టి పిల్లాడి ప్రశ్నకు నా జవాబు: అన్న కాకపోయినా పెదనాన్న కొడుకు అవుతాడు.

కర్నూలు అంటే అందరికీ కొండారెడ్డి బురుజే గుర్తొస్తుంది, సినిమావాళ్ళ పుణ్యమా అని. బురుజు మీద నాకేం కోపం లేదు, అచ్యుతరాయల కాలం నాటి మంచి కట్టడం. కానీ ఊరికి వచ్చిన చుట్టాన్ని బురుజు ముందు ఫోటో తీయించి, బిర్యానీ తినిపించి బస్సెక్కించడమే మన పర్యాటకం అయిపోయింది. ఆ పక్కనే హంద్రీ వైపు నాలుగు అడుగులు వేయించం. 2009 అక్టోబరు వరద చూసినవాళ్ళం, హంద్రీ ఒడ్డున నిలబడి ఉన్న పాతగోడ ఏదైనా మాకు కొంచెం ఎక్కువే ముద్దు.

నేను అడిగేది కోట్ల రూపాయల పని కాదు. కట్టడం ఎవరి పరిధిలో ఉన్నా దాని కథ మీ పరిధిలోనిదే. మన దేశంలో పాత కట్టడాల ముందు ఒక నీలం బోర్డు ఉంటుంది చూడండి, చెడగొడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని. అవసరమే, కాదనను. కానీ ఆ బోర్డు శిక్ష చెబుతుంది, కథ చెప్పదు. మాకు కథ చెప్పే బోర్డు కావాలి. తెలుగులో, ఉర్దూలో, పదో తరగతి పిల్లాడు నిలబడి చదివేంత సులువుగా. అందులో అబిసీనియా నుంచి కర్నూలు దాకా ఒక పటం, గుమ్మటం బరువు ఎటు దిగుతుందో చూపించే ఒక బొమ్మ. జిల్లా బడుల పిల్లలకు ఏడాదికి ఒక పూట అక్కడ క్లాసు. మాలాంటి మాస్టర్లకు ముందే ఒక రోజు శిక్షణ, లేకపోతే మళ్ళీ “టికెట్లు తీసుకుందాం పదరా” అనే అంటాం.

ఇంకొకటి, ఇది మేస్త్రీ కొడుకుగా వేడుకోలు. ఎప్పుడైనా మరమ్మతు అంటే దయచేసి సిమెంటు బస్తాలు అటు రానివ్వకండి. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. సున్నం మెత్తనిది, తేమను లోపలికి పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దాని వెనక నీళ్ళు ఇరుక్కుని, ఉప్పు పొంగి, సిమెంటు మాత్రం గట్టిగా ఉండి పక్క రాయి పొడిపొడి అవుతుంది. ఇవాళ్టి పూత నిగనిగలాడుతుంది, పదేళ్ళకు రాయి పోతుంది. నీలం, గులాబీ లైట్లు, “ఐ లవ్ కర్నూలు” అక్షరాలు పెట్టాలని ఎవరైనా ప్లాను తెస్తే ఆ ఫైలు కొంచెం కిందకు తోసి, సున్నం గానుగ ఫైలు పైన పెట్టండి.

మా ఊరి పేరు కందనవోలు. అవతల ఆలంపురం గుళ్ళకు రాళ్ళు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టించుకునేవట, అందుకే ఆ పేరు అని చెప్పుకుంటాం. వేరే ఊరి కట్టడానికి కందెన పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళం. మన ఊరి కట్టడం దగ్గరికి వచ్చేసరికి ఇరుసు కిర్రుమంటోంది.

ఈ ఉత్తరంతో పాటు పిల్లలు గీసిన గుమ్మజ్ బొమ్మ కూడా పంపుతున్నాను. కమాను ఒక వైపు కాస్త కుంగినట్టు వచ్చింది, అది గోడ తప్పు కాదు, స్కేలు తప్పు. కింద మూలన ఆ ప్రశ్న అడిగిన పిల్లాడు పెన్సిల్‌తో రాశాడు: “సార్, అబ్దుల్ వహాబ్ ఖాన్‌కి తెలుగు వచ్చా?” దీనికి కూడా నా దగ్గర జవాబు లేదు. మీ శాఖలో ఎవరికైనా తెలిస్తే బడి చిరునామాకు రాయించండి, వాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
కర్నూలు పాతబస్తీ బడి నుంచి
ఒక సోషల్ మాస్టారు