తెలుగు థీసిస్ యూనికోడ్‌లో తీసుకోండి సార్

ఎడిటర్ గారికి నమస్తే,

పీహెచ్‌డీల గురించి మీ పేపర్లో ఏదైనా వచ్చిందంటే ఫెలోషిప్ ఆగిపోయిందనో, నోటిఫికేషన్ ఎప్పుడనో వస్తుంది. అవి రావాల్సిందే, కానీ రీసెర్చ్ చేసేవాళ్ళకి రోజు ఎలా గడుస్తుందో, ఎక్కడ సంతోషంగా ఉంటుందో, ఎక్కడ పని ఇరుక్కుంటుందో ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం, ముఖ్యంగా తెలుగు థీసిస్ టైపింగ్ కష్టం గురించి. నేను హైదరాబాద్‌లో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నా, హిందూసుందరి, గృహలక్ష్మి లాంటి పాత పత్రికల్లో ఆడవాళ్ళు రాసిన కథల మీద.

ముందు సంతోషం సంగతి చెప్తా. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. అలాంటి చోట్ల కూర్చుని పాత సంచికలు తిప్పుతుంటే మనకి కావాల్సిన కథ కంటే ముందు పక్కనున్న తలనూనె యాడ్, పాఠకుల ఉత్తరాలు లాగేస్తాయి. టాపిక్‌కి సంబంధం లేకపోయినా చదువుతాం, నోట్సులో రాసుకుంటాం, టీకి బయటికొచ్చి పక్క స్కాలర్‌కి చెప్తాం, వాళ్ళు వాళ్ళకి దొరికింది చెప్తారు. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైంది ఇదే.

ఇరుక్కునేది రాతకి కూర్చున్నాకే. చాలామంది తెలుగు స్కాలర్లు ఇప్పటికీ చేత్తో రాసి విద్యానగర్, చిక్కడపల్లి వైపు ఏదో ఒక డీటీపీ సెంటర్లో టైపింగ్‌కి ఇస్తారు. అక్కడ వాడేది పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు. గైడ్ గారి కంటే ముందు మా థీసిస్ మొత్తం చదివేది డీటీపీ అక్కే, ఒత్తు తప్పితే ఆవిడే పట్టుకుంటుంది, ఈ వాక్యం మళ్ళీ వచ్చిందమ్మా అని కూడా ఆవిడే చెప్తుంది. ఆ అక్కలకి, అన్నలకి మా యూనివర్సిటీలన్నీ రుణపడి ఉన్నాయని నేను మనస్ఫూర్తిగా అంటున్నా. అను ఫాంట్లు కూడా ఎన్నో ఏళ్ళు తెలుగు ప్రింటింగ్‌ని మోశాయి, దాన్ని తక్కువ చేయట్లేదు.

కానీ థీసిస్‌కి అది పనికిరాదు. పేజ్‌మేకర్లో ఫుట్‌నోట్ నంబర్లు వాటంతట అవి మారవు, మూడో చాప్టర్ మధ్యలో ఒక్క రిఫరెన్స్ కలిపితే ఆ తర్వాతవన్నీ చేత్తో మార్చుకుంటూ పోవాలి, మార్చిన ప్రతిసారీ సెంటర్‌కి వెళ్ళాలి, కరెక్షన్‌కి మళ్ళీ డబ్బులు. ఆ సాఫ్ట్‌వేర్‌ని డెవలప్ చేయడం కంపెనీ వాళ్ళు 2004లోనే ఆపేశారు. జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చినవాళ్ళకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 వస్తుంది కాబట్టి ఎలాగో పెట్టుకుంటారు, ఏ ఫెలోషిప్పూ లేనివాళ్ళ సంగతేంటి?

దానికంటే పెద్ద నష్టం తర్వాత ఉంది. అను ఫాంట్లలో తెలుగు అక్షరం కంటికి కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ఇంగ్లిష్ కీబోర్డు కోడ్. ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలే. ఇప్పుడు థీసిస్‌లు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్ళ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలో పెట్టాలి కదా, పెడుతున్నారు కూడా, కానీ అలా టైప్ చేసిన పీడీఎఫ్‌లో ఒక రచయిత్రి పేరు కొట్టి వెతికితే దొరకదు. ఎవరో ఐదారేళ్ళు కష్టపడి రాసింది అక్కడే ఉంటుంది, వెతికేవాళ్ళకి మాత్రం లేనట్టే. వేరేవాళ్ళ రాతలోంచి కాపీ కొట్టారేమో సాఫ్ట్‌వేర్‌తో చూసే కాపీ చెక్ కూడా అంతే, 2018 యూజీసీ రూల్ ప్రకారం వేరే రచనలతో పోలిక 10 శాతం దాటకూడదు, మరి సాఫ్ట్‌వేర్‌కి ఆ అక్షరాలే అర్థం కాకపోతే దేన్ని దేనితో పోలుస్తుంది?

దీనికి దారి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ ఏ కంప్యూటర్లోనైనా ఒకటే కోడ్ ఉండే పద్ధతి, అందులో తెలుగు 1991 నుంచే ఉంది. మండలి, గిడుగు, సూరన్న, ధూర్జటి, రామరాజ, ఇన్ని ఫాంట్లు ఫ్రీగా దొరుకుతున్నాయి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు ముందే ఉంటుంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే చాలు. టైపింగ్ అస్సలు రానివాళ్ళు గూగుల్ డాక్స్‌లో మాట్లాడి తెలుగులో రాయించుకోవచ్చు, తప్పులొస్తాయి, దిద్దుకోవాలి, అయినా చాలా పని తగ్గుతుంది. రిఫరెన్సులకి జొటెరో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వర్డ్‌లో గానీ లిబ్రే ఆఫీస్‌లో గానీ దాన్ని కలుపుకుంటే నంబర్లు అదే సర్దుకుంటుంది. ఇవన్నీ సీనియర్ల దగ్గర హాస్టల్ గదుల్లో ఒకరి నుంచి ఒకరం నేర్చుకుంటున్నాం, సీనియర్లు పరిచయం లేని పార్ట్‌టైమ్ స్కాలర్లకి చెప్పేవాళ్ళే లేరు, వాళ్ళలో చాలామంది ఊళ్ళలో టీచర్లుగా చేస్తూ సెలవులకి వచ్చి చదువుకునేవాళ్ళు.

అందుకని రెండు రాష్ట్రాల యూనివర్సిటీలనీ అడుగుతున్నా. కోర్సు వర్క్‌లో రీసెర్చ్ మెథడాలజీతో పాటు ఒక్క వారం తెలుగు టైపింగ్, ఫుట్‌నోట్లు, జొటెరో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పండి. తెలుగు థీసిస్ యూనికోడ్ ఫైల్‌గా ఇవ్వాలని రూల్ పెట్టండి, ఇప్పటికే సగం టైప్ చేయించుకున్నవాళ్ళకి ఒక ఏడాది గడువు ఇవ్వండి. పాత ఫైళ్ళు యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు అక్కడక్కడా చెదురుతాయి, ఆ దిద్దే పని ఇన్నాళ్ళూ టైప్ చేసిన డీటీపీ వాళ్ళకే డబ్బులిచ్చి చేయించండి, వాళ్ళకంటే బాగా ఎవరూ చేయలేరు.

మీ వెబ్‌సైట్ యూనికోడ్‌లోనే ఉంది కాబట్టి పోయిన నెల వార్త కావాలన్నా వెతికితే దొరుకుతోంది. మీ చదువుల పేజీలో ఈ టైపింగ్, ఫాంట్లు, రిఫరెన్సుల మీద వారానికో చిన్న కాలమ్ వేస్తే ఊళ్ళల్లో ఉన్న స్కాలర్లకి చాలా ఉపయోగం. రాసేవాళ్ళు లేరంటే చెప్పండి, నేనూ మా డిపార్ట్‌మెంట్ ఫ్రెండ్సూ రాసిస్తాం, యూనికోడ్‌లోనే పంపిస్తాం.

ఇట్లు,
ఒక తెలుగు పరిశోధక విద్యార్థిని,
హైదరాబాద్