స్టీలు గ్లాసు

చిత్తూరు
సోమవారం రాత్రి

చిరంజీవి హరికి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం, నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఫోను చేస్తే ‘గ్రౌండుకు పోతున్నానమ్మా, మళ్ళీ చేస్తా’ అని పెట్టేస్తున్నావు. తొమ్మిది రోజులైంది, ఆ మళ్ళీ ఇంకా రాలేదు. అందుకని కాగితం తీసుకున్నాను. కాగితం మీదైతే చివరిదాకా చెప్పుకోవచ్చు.

మునిరాజు రేపు పొద్దున బస్సుకు తిరుపతికి వస్తున్నాడు. ఈ ఉత్తరమూ ఒక సంచీ ఇచ్చి పంపుతున్నాను. చెనక్కాయ ఉంటలు నలభై ఉన్నాయి. రూములో అందరికీ పెట్టు, నువ్వూ తిను. పోయినసారి మొత్తం పంచేసి నీకు రెండే మిగిలాయన్నావు. ఊరిబిండి డబ్బాలో తడి చెయ్యి పెట్టొద్దు. నీలగిరి తైలం సీసా తువ్వాల్లో చుట్టి పెట్టాను, సంచీ తలకిందులు చేయకుండా తియ్యి. మోకాలు ఎలా ఉంది? పోయిన నెల వాలీబాల్‌లో దూకి దిగేటప్పుడు కలుక్కుమంటోందన్నావు. మీ పీఈటీ సారుకు చెప్పావా, లేక టీంలోంచి తీసేస్తారని నోరు మూసుకున్నావా?

మీ నాయన గానుగ దగ్గరే ఉన్నాడు. ఈ వారమంతా అర్ధరాత్రి దాటితేగానీ ఇంటికి రావడం లేదు. ఈసారి బెల్లానికి రంగు రాలేదు. పెద్దమడి చెరుకుది పాకం నల్లగానే దిగుతోంది. నల్లబెల్లమంటే మండీలో వెనకాడతారు. సారా కాచేవాళ్ళకు పోతుందేమోనని ఎక్సైజు వాళ్ళు ఎవరికి అమ్మారు, ఎంత అమ్మారు అని లెక్కలు అడుగుతారు. పండించినవాడు చుక్క ముట్టకపోయినా ఆ జవాబులు చెప్పుకోక తప్పదు. బెల్లం గురించి రాద్దామని మొదలుపెట్టి ఎక్కడికొచ్చానో చూడు.

వచ్చాను కాబట్టి అడిగేస్తాను. శనివారం పాలకేంద్రం దగ్గర సరళక్క ‘మీవాడి టీం గెలిచిందంట కదా, పిల్లోళ్ళు పార్టీ గట్టిగా చేసుకున్నారంట’ అంది. నాకు గెలిచిన సంగతే తెలియదు. వాళ్ళ సుధీర్ పెట్టిన స్టేటస్ చూపించింది. ఎనిమిది మంది జెర్సీలతోనే చాప మీద కూర్చున్నారు. మధ్యలో మిక్చరు పొట్లం, తరిగిన ఉల్లిపాయలు. నువ్వు చివర్లో గోడకు ఆనుకొని, ఎడమ మోకాలికి క్యాప్ కూడా విప్పకుండా కూర్చున్నావు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ గ్లాసులు, వాటిలో ఉన్నదేంటో రంగును బట్టే తెలుస్తోంది. నీ చేతిలో మాత్రం స్టీలు గ్లాసు. అందులో ఏముందో ఫోటోలో ఎట్లా తెలుస్తుంది? వేళ్ళతో ఫోటో పెద్దది చేశాను. నీ బొటనవేలు పక్కన ‘మునె’ అని రెండక్షరాలు కనిపించాయి. మిగతావి నీ వేళ్ళ కింద ఉన్నాయి. నీ బారసాలకు అవ్వ పాత్రలంగట్లో నిలబడి తన పేరు చెక్కించి ఇచ్చిన గ్లాసు అది. హాస్టలుకు నేనే సర్ది పంపాను.

‘మావాడికి మజ్జిగ ఉంటే చాలు సరళక్కా’ అన్నాను. అనేశాను గానీ ఇంటికొచ్చేదాకా నా మాట నాకే గుచ్చుకుంది. అందులో మజ్జిగే ఉండొచ్చు, నీళ్ళే ఉండొచ్చు. నేనేమీ తేల్చేసుకోలేదు. నాయనకు చెప్పలేదు. నువ్వు చెప్పేదాకా చెప్పను.

పరీక్ష ఫీజు కట్టావా? చివరి తేదీ దాటితే ఫైన్ వేస్తారు. జెర్సీ నానబెట్టి రాత్రంతా బకెట్లో వదిలేయొద్దు, రంగు దిగుతుంది.

అవ్వ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ కబురు మన జిల్లాకూ పాకింది. పేపరు చదివి అవ్వకు వినిపించింది నేనే, అప్పుడు ఆరో తరగతి. వారం తిరక్కుండా అవ్వ, ఇంకో పదిమంది పాకెట్లు తెచ్చే జీపుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు. పాకెట్లన్నీ చింపి కాలవలో పోశారు. సీకాయ పెట్టి రుద్దినా రెండు రోజులు చేతుల వాసన పోలేదు, అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నేను మొహం తిప్పుకున్నాను. 1993లో సారా ఆపారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారు మందు మొత్తం నిషేధించారు, 1997లో మళ్ళీ ఎత్తేశారు. ఇప్పుడు 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టరు. నీలాంటి పిల్లల జేబులో 99 రూపాయలు ఎప్పుడూ ఉంటాయి, నా టెన్షనంతా అదే.

ఆ నిషేధం రోజుల్లోదే మురళి మామ సంగతి. నీకు చెప్పమని మామే అన్నాడు, లేకపోతే రాసేదాన్ని కాదు. మామ డిగ్రీ రెండో ఏడు. నెట్ మీంచి బంతి కొట్టే షాటర్‌గా మామకు ఎంత పేరంటే, మామ పైకి లేచాడంటే అవతలివాళ్ళు ముందే వెనక్కి జరిగేవాళ్ళు. తిరుపతిలో యూనివర్సిటీ టీంకు సెలెక్షన్లు పెట్టారు. రెండు రోజుల ముందు తమిళనాడు గుడియాత్తంలో పిన్నమ్మ ఇంటికి పోతుంటే టీం సీనియర్లు డబ్బులిచ్చి, ‘అక్కడ దొరుకుతుంది కదరా, మూడు సీసాలు తెచ్చిపెట్టు’ అన్నారు. మామ తాగడు. కాదంటే మ్యాచ్‌లో బంతి ఇవ్వరని భయం. షాటర్‌కు బంతి లేపి ఇచ్చే లిఫ్టర్ కూడా వాళ్ళలోనే ఉన్నాడు మరి. తెచ్చాడు. జెర్సీలో చుట్టి, మీద గాలి తీసిన బంతి పెట్టి, సంచీ కాళ్ళ మధ్య పెట్టుకొని బస్సులో కూర్చున్నాడు. బార్డర్ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి అందరి సంచులూ విప్పించారు. ‘ఎవరివిరా ఇవి?’ అని అడిగితే సీనియర్ల పేర్లు చెప్పలేక ‘నావే’ అన్నాడు.

రెండు రాత్రులు స్టేషన్లోనే ఉన్నాడు. సెలెక్షన్లు ఆ మధ్యరోజు అయిపోయాయి. తాత పూచీ పడి ఇంటికి తెచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు, నేరుగా కాణిపాకం తీసుకుపోయాడు. కోనేట్లో ముంచి, తడిబట్టలతో స్వామి ముందర నిలబెట్టి ‘తాగలేదని ప్రమాణం చెయ్యి’ అన్నాడు. మామ చేశాడు. అది నిజమే. తాత అక్కడే కూలబడి ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కానీ స్వామికి తెలిసిన నిజం కేసు కాగితంలో లేదు. అందులో ఉన్నది మూడు సీసాలు, మామ పేరు. తర్వాత కోర్టులో జరిమానా కట్టాడు, అంతటితో పోయిందనుకున్నాం.

మూడేళ్ళకు కానిస్టేబుల్ సెలెక్షన్‌లో పరుగు, లాంగ్ జంప్, అన్నీ మొదటి వరసలో పాసయ్యాడు. చివర్లో ఒక ఫారం ఇచ్చారు. నీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అని అందులో ఒక గడి. ఆ గడి దగ్గర పెన్ను పెట్టి చాలాసేపు కూర్చున్నానని ఇప్పటికీ చెబుతాడు. ‘లేదు’ అని రాశాడు. వెరిఫికేషన్‌లో బయటపడింది. ఉందని రాసి ఉంటే ఆలోచించేవాళ్ళమేమో, దాచావు కాబట్టి కుదరదన్నారట. ఆ సీనియర్లలో ఒకాయన మొన్న కవిత పెళ్ళికి వచ్చాడు. ‘మురళీ, నీలాంటి షాటర్‌ని మళ్ళీ చూడలేదు’ అన్నాడు. ఆ సీసాలు మావి అని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. మామ నవ్వి ఆయనకు విస్తరి వేశాడు. నేను వడ్డించలేకపోయాను, లోపలికి వెళ్ళిపోయాను.

నీకు పెరట్లో దండెం కట్టి లిఫ్టింగ్ నేర్పింది ఆ మామే. నువ్వు స్పోర్ట్స్ కోటాలో పోలీసుకు పోతానన్నప్పుడు మామ మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను.

దసరాకు వచ్చినప్పుడు ‘పద్దెనిమిదికి ఓటు ఇస్తారు, మందు ఎందుకివ్వరు, పాండిచ్చేరిలో ఇస్తున్నారు కదా’ అని వాదించావు. నేను పోట్లాడాను గానీ జవాబు చెప్పలేదు. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్ళకు మందు అమ్మకూడదని చట్టం. మహారాష్ట్రలో విస్కీ బ్రాందీలకు 25. ఒక్కోచోట ఒక్కో వయసు పెట్టారు, నిజమే. ఆటలోనూ అంతే కదా, అండర్-19లో ఆడేటప్పుడు నువ్వు పుట్టినరోజు సర్టిఫికెట్ చూపించి ఆడావు. వయసు దాచి ఆడిన అవతలి టీం మీద కంప్లయింట్ ఇచ్చినప్పుడు నువ్వే ముందున్నావు. అప్పుడు తేదీ నీకు ముఖ్యం. నీకు ఈ ఆషాఢానికి ఇరవై నిండుతాయి. 21 నిండాక కూడా తాగమని నేను చెప్పను, అది వేరే సంగతి.

మన పీహెచ్‌సీ నర్సమ్మను ఊరికే అడిగినట్టు అడిగాను. తాగితే నిద్ర తొందరగా పడుతుంది గానీ మధ్యలో చెడిపోతుందంట, ఒంట్లో నీళ్ళు మూత్రంలో పోతాయంట, ఆడి అలిసిన కండ త్వరగా కోలుకోదంట. నీ మోకాలు గుర్తొచ్చింది. ఎవరి గురించి అడుగుతున్నావని ఆమె నన్ను అడగలేదు.

ఇంకొకటి. ఆ ఫోటోలో గోడ మీ హాస్టలు గోడ కాదు, పెచ్చులూడి ఉంది. మరి రాత్రి ఎట్లా తిరిగొచ్చారు? ఎవరి బండి మీద? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, రెండూ పడొచ్చు. జరిమానా కట్టుకుంటాం. తాగినవాడి వెనక నువ్వు కూర్చున్నావేమోనని తలుచుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది. అట్లాంటప్పుడు అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. మునిరాజు వాళ్ళ బావ కొర్లగుంటలో ఆటో నడుపుతాడు, నంబరు వెనక పేజీలో రాశాను. ఎందుకు, ఏమిటి అని ఆ రాత్రి అడగను. తెల్లారాక అడుగుతాను.

మళ్ళీ లెక్చర్ అయిపోయింది. రాయడం మొదలుపెట్టినప్పుడు నాలుగు ముక్కలే అనుకున్నాను.

ఆ గ్లాసులో ఏముందో నాకు చెప్పు. మందే అయితే మందేనని చెప్పు. సరళక్క చెప్పేలోపల, నీ నోటితో నాకు తెలియాలి. అరుస్తాను, అది నీకూ తెలుసు. అరిచాక అన్నం పెడతాను.

ఆదివారం ప్రాక్టీసు లేకపోతే పాకాల మీదుగా వచ్చే బస్సెక్కు, పదకొండుకల్లా ఇంట్లో ఉంటావు. గానుగ దగ్గర వేడి పానకం తాగొచ్చు. వచ్చేటప్పుడు అవ్వ గ్లాసు తీసుకురా, చింతపండుతో తోమి పెట్టుకుంటాను, నీకు వేరేది ఇస్తాను. పోయిన నెల పంపిన క్యారియరు మూత కూడా ఒకటి అక్కడే ఉండిపోయింది, మంచం కింద చూడు.

ఇట్లు
మీ అమ్మ