రోజుల లెక్క కాదు, శ్రద్ధ ముందు

సంపాదకుల వారికి,

చాతుర్మాసం (వానకాలపు నాలుగు నెలలు) రాగానే సికింద్రాబాద్, బేగంబజార్ వీధుల్లో దీర్ఘ ఉపవాసాలు చేసిన జైన తపస్వుల ఊరేగింపులు, ఫ్లెక్సీలు మొదలవుతాయి. అఠాయీ అనే ఉపవాసానికి 8 రోజులు, మాసక్షమణానికి 30 రోజులు. పత్రికలూ ఆ అంకెనే శీర్షికకు ఎక్కిస్తున్నాయి. జైన శాస్త్రం మాత్రం అంకె దగ్గర మొదలుపెట్టదు.

జైనుల ప్రామాణిక గ్రంథమైన తత్త్వార్థసూత్రం మొదటి సూత్రంలోనే మోక్షమార్గం వరుస ఉంది: సమ్యగ్దర్శనం, జ్ఞానం, చారిత్రం (నడవడి). ఉపవాసం మూడోదాని కిందికి వస్తుంది. దర్శనమంటే జీవం, అజీవం, ఆస్రవం, బంధం, సంవరం, నిర్జర, మోక్షం అనే 7 తత్త్వాల మీద గట్టి శ్రద్ధ. కర్మ ఎలా వచ్చి (ఆస్రవం) అంటుకుంటోందో (బంధం), దేనితో ఆగి (సంవరం) దేనితో రాలుతుందో (నిర్జర) ఎరిగి నమ్మాలి. అది లేకుండా చేసేదాన్ని బాలతపస్సు అన్నారు. దానివల్ల దేవగతి (దేవతగా పుట్టుక) దొరకొచ్చు, మోక్షం దొరకదు. ఆత్మ ఎదుగుదలకు మెట్లయిన 14 గుణస్థానాల్లో సమ్యగ్దృష్టి, అంటే ఈ శ్రద్ధ కుదిరినవాడు, ఉండేది 4వ మెట్టు. అక్కడికి ఇంకా ఒక్క వ్రతం కూడా పట్టి ఉండడు! శ్రావక (గృహస్థ) వ్రతాలు 5వ మెట్టులో వస్తాయి.

పేరు కోసమో, వ్యాపారం కలిసిరావాలనో ఉపవాసం పడితే అది నిదానం (ఫలం మీద ఆశ), అంటే లోపల దిగబడ్డ ముల్లు, శల్యం. శల్యం లేనివాడే వ్రతి అని తత్త్వార్థసూత్రం 7వ అధ్యాయం చెబుతోంది. తపస్సు శక్తి మేరకేనని 6వ అధ్యాయం చెబుతోంది. అయిదో రోజున కళ్లు తిరుగుతున్న పిల్లతో "ఇంకా మూడు రోజులేగా" అనడం ఈ మాటకు పూర్తిగా విరుద్ధం. సమ్యగ్దర్శనానికి చెప్పిన 8 అంగాల్లో స్థితీకరణ అంటే తడబడినవాణ్ని నిలబెట్టడం. మధ్యలో ఆపినవారిని చిన్నచూపు చూస్తే ఆ అంగమే పోతుంది. పారణ (ఉపవాసం విరమించడం) కూడా తేలిక కాదు. దీర్ఘ ఉపవాసం తర్వాత ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు.

ఊరేగింపులు ఆ 8 అంగాల్లోనే ఒకటైన ప్రభావన కోసమే అంటారు. ప్రాచీన జైనాచార్యులు సమంతభద్రుల నిర్వచనం ప్రకారం ప్రభావన అంటే అజ్ఞానపు చీకటిని తొలగించి జినశాసన మహిమను వెలిగించడం. కాబట్టి సంఘాలు పచ్చక్ఖాణం (ఉపవాస ప్రతిజ్ఞ) ఇప్పించే ముందు కనీసం వారంపాటు తత్త్వాల పాఠం పెట్టాలి. పిల్లలకు దీర్ఘ ఉపవాసం ఇప్పించకూడదు, పెద్దలకైనా వైద్యుడి పరీక్ష తప్పనిసరి చేయాలి. మీరు కూడా తపస్వుల ఫొటోల కింద రోజుల సంఖ్య వేయడం మానుకోవాలని మనవి.

— ఒక పాఠకుడు, కాచిగూడ, హైదరాబాద్