పైపులు మార్చక్కర్లేకపోయిందిరా!

కొవ్వూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బుజ్జీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ మోకాలు నయం. చెల్లి బదిలీ ఖాయమైంది. పకోడీ పొట్లం వాడు నిన్ను మళ్ళీ అడిగాడు. ఇక అసలు సంగతి విను, ఇది చెప్పందే నాకు నిద్రపట్టేలా లేదు.

నాన్న స్ప్లెండర్ ముందు ఫోర్కులు, అదే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళు, ఇంట్లోనే విప్పి, లోపలి ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు మార్చేశాం!

హీరో, హోండా విడిపోకముందు కొన్న బండి కదా. కుడి ఫోర్కు కొన్నాళ్ళుగా ఆయిలు కారుతోంది. మన రోడ్డు కం రైలు వంతెన ఎక్కితే అతుకు అతుక్కీ హ్యాండిల్ దడదడ. షెడ్డులో చూపిస్తే ఫోర్కుల్లో కిందికీ పైకీ జారే ఆ రెండు ఇనుప పైపులూ మార్చాల్సిందే అన్నారు. నాకు మనసొప్పలేదురా. తుప్పు చుక్కలున్న మాట నిజమే, కానీ అవి బాగా పైన ఉన్నాయి, సీలు అంత ఎత్తుకి రానే రాదు. సీలు తిరిగే మేర గోరుతో గీకి చూశా, నున్నగా ఉంది. అలాంటప్పుడు పైపెందుకు మార్చాలి?

బండికి సెంటర్ స్టాండు వేసి, ఇంజిను కింద దుంగ పెట్టి, చక్రం, మడ్‌గార్డు తీశాం. పై బోల్టులు ముట్టుకోకముందే ఫోర్కు అడుగునుండే ఎలన్ బోల్టులు, అంటే ఆరు మూలల కీతో తిప్పేవి, వదులు చెయ్యాలి. స్ప్రింగు బిగువు మీద ఉంటేనే లోపలి రాడ్డు కదలకుండా ఉంటుంది. ఎడమది వచ్చేసింది. కుడిది మాత్రం తిప్పినకొద్దీ గిర్రున తిరుగుతోంది, ఊడదు! అప్పుడు మా బావ ఫోర్కు కింది కేసుని, అదే పైపు దూరే తొడుగుని, రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి పైకి ఎత్తిపట్టాడు. స్ప్రింగు ఇంకా బిగిసింది. నేను కీ మీద ఒక్క విసురు విసిరా. టప్పున వదిలింది. బావ కేక విని అమ్మ పరిగెత్తుకొచ్చింది, చెయ్యి నలిగిందేమోనని!

పాత ఆయిలు చూడాలిరా నువ్వు. బురదలా బూడిద రంగు, కుళ్ళు చేపల కంపు. సీలు పెదవి, అదే పైపుని ఒత్తుకునే లోపలి అంచు, ఎండి, ఒక పక్క పగిలిపోయింది. పైపు వంగిందేమోనని అద్దం పలక మీద దొర్లించాం, ఎక్కడా ఎగరలేదు. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా... సర్లే, అది ఎదురుగా ఉన్నప్పుడు చెప్తా.

కొత్త సీలు పెదవి తెగకుండా పైపు మూతికి పాలిథిన్ కవరు చుట్టి, ఆయిలు రాసి దింపాం. దాని మీద పాత సీలు పెట్టి పీవీసీ గొట్టంతో నెమ్మదిగా కొడితే, సీలు పైకి రాకుండా పట్టే లాక్ రింగు గాడి చుట్టూ కనబడేదాకా కూర్చుంది. కింది బోల్టులకి కొత్త రాగి వాషర్లు. పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం ఆయిలు సిరంజితో రెండిట్లోనూ సమానంగా పోసి, గాలి పోయేదాకా పైకీ కిందకీ ఆడించాం.

సాయంత్రం నాన్నని వెనకాల ఎక్కించుకుని వంతెన మీదకి వెళ్ళా. ఆ దడదడ లేదు! "ఇంకాస్త దూరం పోదాం" అన్నాడు. రాజమండ్రి దాకా వెళ్ళి టీ తాగొచ్చాం.

నీ బండి ఫోర్కుల మీద తడి ఉందేమో రేపే వేలితో తుడిచి చూడు. నీది డిస్కు బ్రేకు. కారిన ఆయిలు ప్యాడ్లకి అంటిందంటే బ్రేకు పట్టదు. అశ్రద్ధ చెయ్యకు. సెలవు పెట్టి వస్తే ఇక్కడే... బావ రైలుకి టైమైంది, స్టేషన్లో దింపాలి. ఉంటా.

నీ
చిన్నా