బలమైన జట్టుతో మన అమ్మాయిల ఫుట్‌బాల్ మ్యాచ్: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. 14 ఏళ్ళ లోపు అమ్మాయిల జట్టు కోసం మీరిచ్చిన డబ్బుకి లెక్క ఇది. మ్యాచ్ అయిన వారంలోపే ఇస్తామని మాటిచ్చాం, కానీ కొన్ని రసీదులు కనిపించక వాటికోసం వెతకడంలో ఇంకో వారం పోయింది, ఆలస్యానికి క్షమించండి. మ్యాచ్ 0-5తో ఓడిపోయాం. చాలామందికి తెలిసిందే అయినా, తెలియనివాళ్ళకి లెక్క చదువుతుంటే మధ్యలో తెలియడం బాగోదని ముందే రాస్తున్నాం.

అసలు మొత్తాలు, తేదీలు, రసీదులు అన్నీ చిట్టా పుస్తకంలో ఉన్నాయి, డబ్బులిచ్చిన ఎవరైనా వచ్చి చూడచ్చు. ఇక్కడ మాత్రం మొత్తం జమని వందగా అనుకుని రాస్తున్నాం. మొత్తాలు రాస్తే ఎవరు ఎక్కువిచ్చారు, ఎవరు తక్కువిచ్చారు అని జనం లెక్కలు కట్టడం మొదలుపెడతారు, అది మాకు ఇష్టం లేదు.

వందలో 38 పిల్లల ఇళ్ళనుంచే వచ్చింది. 21 ఇదే జట్టులో ఒకప్పుడు ఆడి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న అక్కలు పంపారు, వాళ్ళలో చాలామంది మేం అడక్కముందే పంపారు. 17 గ్రౌండ్ దగ్గర పెట్టిన డబ్బాలో పడింది, ఆ డబ్బా ప్రతిసారీ ముగ్గురి ముందు తెరిచి లెక్కపెట్టాం. 14 ఒకే ఒక్కరు ఇచ్చారు, జెర్సీ మీద తన పేరు వేయమని అడిగారు, వేయలేమని చెప్పినా డబ్బు వెనక్కి తీసుకోలేదు, ఆయనకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. 7 పోయిన ఏడాది మిగిలినది. ఇక 3 పిల్లలే దాచుకున్న డబ్బు తెచ్చిచ్చారు. అది తీసుకోవాలా వద్దా అని మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. చివరికి తీసుకున్నాం, ఎందుకంటే కెప్టెన్ అమ్మాయి వచ్చి "మా మ్యాచ్ కదా, మాది ఏమీ లేకపోతే ఎలా?" అని అడిగింది, దానికి మా దగ్గర జవాబు లేదు.

వసూళ్ళప్పుడు మమ్మల్ని ఎక్కువమంది అడిగిన ప్రశ్న, ఎలాగూ ఓడిపోయే మ్యాచ్‌కి ఇంత ఖర్చు దేనికని. అడగడంలో తప్పేమీ లేదు. అవతలి జట్టు ఏడాది పొడవునా వారానికి ఐదు రోజులు ప్రాక్టీస్ చేసే అకాడమీ జట్టు, వాళ్ళకి గోల్‌కీపర్ కోసమే వేరే కోచ్ ఉన్నాడు, అంతకుముందు ఆడిన రెండు మ్యాచుల్లో 9 గోల్స్ ఒకసారి, 11 గోల్స్ ఇంకోసారి కొట్టి తాము ఒక్కటి కూడా ఇవ్వలేదు. మన పిల్లలు వారానికి రెండు సాయంత్రాలు, అదీ గ్రౌండ్ ఖాళీగా ఉంటేనే ఆడతారు. తేడా ఎంతుందో మాకూ తెలుసు, పిల్లలకి ఇంకా బాగా తెలుసు. కానీ మనకన్నా చాలా బలమైన జట్టుతో ఆడటానికే ఎక్కువ తయారవ్వాలి, సమానమైన జట్టుతో అయితే పాత బూట్లతో, అరకొర ప్రాక్టీస్‌తో కూడా ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఇలాంటి మ్యాచ్‌లో అలా చేస్తే పిల్లలకి దెబ్బలు తగులుతాయి, లేకపోతే ఆట మీదే మనసు విరిగిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 మహిళల ప్రపంచ కప్‌కి ముందు జమైకా జట్టు సన్నాహాల కోసం ఒక క్రీడాకారిణి తల్లి జనం దగ్గర చందాలు పోగుచేశారు. ఆ జట్టు ఫ్రాన్స్‌తో 0-0, బ్రెజిల్‌తో 0-0 డ్రా చేసుకుని, పనామాని 1-0తో గెలిచి, గ్రూపులో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా తర్వాతి రౌండ్‌కి వెళ్ళింది, ఆ డ్రాతోనే బ్రెజిల్ ఇంటికి వెళ్ళిపోయింది. మన పిల్లలు జమైకా జట్టు అంతటివాళ్ళని చెప్పడం లేదు. ప్రపంచ కప్ ఆడేవాళ్ళకే చందాలు అవసరమైనప్పుడు మనం చెయ్యి చాచడంలో సిగ్గుపడేదేమీ లేదని చెబుతున్నాం, మొదటి ఇంటి తలుపు కొట్టడానికి మాలో కొందరు చాలా ఇబ్బందిపడ్డారు, అందుకని.

ఇక ఖర్చులు. అన్నిటికన్నా పెద్దది ప్రయాణం, వందలో 26. బండి అద్దె, డ్రైవర్, ముందురోజు రాత్రి బస, అంతే. తెల్లవారుజామున బయల్దేరి నేరుగా మ్యాచ్‌కి దిగితే బస ఖర్చు మిగిలేది నిజమే, కానీ ఐదు గంటలు బండిలో కూర్చున్న కాళ్ళతో అలాంటి జట్టు మీద పరిగెత్తమని పిల్లలకి చెప్పడం మాకు న్యాయం అనిపించలేదు.

తర్వాత బూట్లు, షిన్‌గార్డ్స్ (మోకాలి కింద కాలి ముందు ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునేవి) కలిపి 22. ఇక్కడ మా తప్పు ఒకటుంది. మొదటిసారి కొన్నప్పుడు పిల్లలు ఎదుగుతారు కదా, రెండేళ్ళు వస్తాయని ఆరుగురికి ఒక సైజు పెద్దవి తీసుకున్నాం. మామూలు చెప్పులకైతే అందరం చేసేదే, కానీ ఫుట్‌బాల్ బూట్లలో పాదం కదిలితే మలుపు తిరిగినప్పుడల్లా జారుతుంది, మడమ ఒరుసుకుపోతుంది. రెండో ప్రాక్టీస్‌కే నలుగురికి బొబ్బలు వచ్చాయి, ఒకమ్మాయి చెప్పకుండా వారం రోజులు అలాగే ఆడింది, కొత్త బూట్లు తిరిగిచ్చేస్తారేమో అని భయపడిందట. ఆ సంగతి తెలిసినప్పుడు మాకు చాలా బాధ కలిగింది. వాడిన బూట్లు వెనక్కి తీసుకోరు కాబట్టి ఆరు జతలు మళ్ళీ కొన్నాం, అంటే ఈ 22లో 4 మా తొందరపాటు వల్ల పోయినదే. ఆ పెద్ద సైజు బూట్లు జాగ్రత్తగా దాచాం, వచ్చే ఏడాది పాదం సరిపోయినవాళ్ళకి ఇస్తాం. షిన్‌గార్డ్స్ మాత్రం తగ్గించే ఖర్చు కాదు, ఆట నియమాల ప్రకారమే అవి తప్పనిసరి, లేకుండా రిఫరీ లోపలికి రానివ్వరు.

బంతులు, గోల్‌కీపర్ గ్లవ్స్‌కి 5. ఉన్న బంతులుండగా కొత్తవి ఎందుకని అడిగారు. మన దగ్గరున్నవి 4వ నంబర్ బంతులు, మ్యాచ్ 5వ నంబర్‌తో. 5వ నంబర్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, 4వ నంబర్ కన్నా పెద్దది, బరువైనది. మన గోల్‌కీపర్ గోల్ కిక్ (అవతలివాళ్ళు కొట్టిన బంతి మన గోల్ గీత దాటి బయటికి పోయినప్పుడు మన గోల్ ముందునుంచి కొట్టేది) కొడితే పాత బంతి దాదాపు మధ్య గీత దాకా వెళ్ళేది, కొత్త బంతి అందులో సగం దూరంలోనే పడి నేరుగా అవతలివాళ్ళ కాళ్ళ దగ్గరికి చేరేది. ఇది మ్యాచ్ రోజు తెలిసుంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఆ ఒక్క సమస్య మీదే ప్రాక్టీస్ సగం గడిచింది, అందుకే గ్రౌండ్ అద్దె, లైట్లకి అయిన 14, కోచ్‌కీ నాలుగు వారాలు విడిగా వచ్చిన గోల్‌కీపింగ్ కోచ్‌కీ ఇచ్చిన 11 కలిపి ఇక్కడే చెబుతున్నాం. 2019 నుంచి మారిన నియమం ప్రకారం గోల్ కిక్ కొట్టిన బంతి పెనాల్టీ బాక్స్ (గోల్ ముందు గీతలు గీసిన పెద్ద గడి) దాటి బయటికి రావాల్సిన పనిలేదు, లోపలే ఉన్న మన డిఫెండర్ అందుకోవచ్చు, బంతి కదిలేదాకా అవతలివాళ్ళు బాక్స్ బయటే ఉండాలి. దూరం కొట్టలేని మన గోల్‌కీపర్‌కి ఇది పెద్ద ఆసరా. పక్కనున్న డిఫెండర్‌కి చిన్న పాస్, ఆమెనుంచి అంచున ఉన్న అమ్మాయికి, అక్కణ్ణుంచి మధ్య గీత దాటించడం, ఇదే వందల సార్లు చేయించారు. కోచ్ గెలుపు సంగతి ఎత్తలేదు. గోల్ కిక్ నుంచి మొదలుపెట్టి పాసులతోనే ఎన్నిసార్లు మధ్య గీత దాటితే అన్ని పాయింట్లు అన్నారు, పిల్లలు ఆ లెక్కే పట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే మొదటి గోల్ ఆ చిన్న పాస్ వల్లే పడింది. వాళ్ళ ఫార్వర్డ్ ముందే పసిగట్టి బంతి లాక్కుంది. హాఫ్ టైమ్‌కి 0-4. ఆ పది నిమిషాల్లో మేం కూర్చున్నచోట ఎవరూ మాట్లాడలేదు, డబ్బులిచ్చినవాళ్ళకి ఏం చెప్పాలా అని టెన్షన్ పడ్డాం కూడా. కానీ పిల్లలు పద్ధతి వదల్లేదు, ఒకే వైపు ఇవ్వకుండా వైపులు మార్చి మార్చి ఇవ్వడం మొదలుపెట్టారు, వెనక నలుగురు దగ్గర దగ్గరగా నిలబడ్డారు. రెండో సగంలో పడింది ఒక్కటే గోల్. మధ్య గీత మొదటి సగంలో ఒక్కసారి దాటారు, రెండో సగంలో ఆరు సార్లు. రెండు కార్నర్లు (అవతలివాళ్ళ గోల్ వైపు మూలనుంచి కొట్టే కిక్‌లు) కూడా సంపాదించారు, 9, 11 గోల్స్ కొట్టిన జట్టు మీద.

దుస్తులు, అమ్మాయిల అవసరాలకి 7. మొదట రాసిన లెక్కలో దీన్ని "ఇతరాలు" అని పెట్టాం, సమావేశంలో ఒకమ్మాయి వాళ్ళ అమ్మగారు లేచి దాచడమెందుకని గట్టిగా అడిగారు. ఆవిడన్నది నిజమే, అందుకే విప్పి రాస్తున్నాం: ముదురు రంగు షార్ట్స్, స్పోర్ట్స్ బ్రాలు, శానిటరీ ప్యాడ్లు. పాత షార్ట్స్ తెల్లవి. పీరియడ్స్ రోజుల్లో మరక పడుతుందేమో అని ముగ్గురు పిల్లలు ప్రాక్టీస్ మానేసేవారు, మాకు చెప్పే కారణం మాత్రం కడుపునొప్పి, హోమ్‌వర్క్. ఇంగ్లండ్ మహిళల జట్టు కూడా క్రీడాకారిణులు చెప్పాక 2023లో తెల్ల షార్ట్స్ వదిలి నీలం రంగుకి మారింది. కొత్త షార్ట్స్ వచ్చాక ఆ ముగ్గురూ ఒక్క ప్రాక్టీస్ కూడా మానలేదు. ఇచ్చిన డబ్బులో ఇంతకన్నా బాగా ఖర్చయినది ఇంకోటి లేదని మా నమ్మకం.

ప్రథమ చికిత్స సామాను, ఐస్ ప్యాకులు, టేపులకి 4. దీని పక్కనే ఖర్చు సున్నా అయిన పని ఒకటి రాయాలి. ఈ వయసు అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కన్నా ఎక్కువ. దాదాపు 20 నిమిషాలు పట్టే 'ఫిఫా 11+' వార్మప్ ఉంది, నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల జట్లతో చేయించి చూసి 2008లో ఫలితాలు ప్రచురించారు, తీవ్రమైన గాయాలు బాగా తగ్గాయి. మన పిల్లలు ప్రతి ప్రాక్టీస్‌కి ముందు అదే చేశారు. మ్యాచ్‌లో ఒకరికి చీలమండ కొంచెం బెణికింది తప్ప ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు.

ప్రవేశ రుసుము, రిజిస్ట్రేషన్ 6. జిరాక్సులు, ఫోటోలు లాంటి చిల్లర ఖర్చు 1. ఇదే ఆ రసీదులు దొరకని ఖర్చు. రసీదు లేనిది జనం డబ్బులోంచి తీయకూడదని అనుకుని ఆ 1 సంఘంలో ముగ్గురం మా జేబుల్లోంచి తిరిగి కట్టాం. కాబట్టి మొత్తం ఖర్చు 96, మిగిలింది 4, మేం కట్టింది కలిపితే నిల్వ 5.

ఈ నిల్వ దేనికి వాడాలో ఇంకా తేలలేదు. గోల్‌కీపింగ్ కోచ్‌ని ఇంకొన్ని వారాలు పిలవాలని కొందరు, కొత్తగా చేరే చిన్నపిల్లల బూట్లకి ఉంచాలని కొందరు అంటున్నారు. పిల్లలనీ అడిగాం, వాళ్ళు కోచ్ కావాలన్నారు, ఎందుకంటే ఆ జట్టుతోనే వచ్చే ఏడాది మళ్ళీ ఆడాలట. వచ్చే సమావేశంలో తేలుద్దాం, రాలేనివాళ్ళు మీ మాట ముందే చెప్పి పంపండి.

పుస్తకం చూడాలనుకునేవాళ్ళు ప్రాక్టీస్ ఉన్న ఏ సాయంత్రమైనా గ్రౌండ్ దగ్గరికి రండి, ఏ రసీదు అడిగినా చూపిస్తాం. చివరి పేజీలో రసీదు కాని కాగితం ఒకటి అంటించి ఉంటుంది. సబ్‌స్టిట్యూట్ బెంచీ మీద కూర్చున్న అమ్మాయి మధ్య గీత దాటినప్పుడల్లా ఒక గీత గీసిన కాగితం అది. మొత్తం ఏడు గీతలున్నాయి.