మంచు లేకపోతే లేదని చెప్పండి సార్: పర్యాటక మంత్రి గారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రి గారికి,

నెల్లూరు నుంచి ఒక చిన్న టూర్ ఆపరేటర్ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మంచు చూపించే టూర్ల గురించి ఇంతకుముందు రాసిన అర్జీలు మీ దాకా రాలేదనే అనుకుంటున్నాను. వచ్చి ఉంటే ఒక్క ముక్కయినా జవాబు పడేది. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదుకు మాత్రం జవాబొచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో, ఎవరికి పరిష్కరించారో అందులో లేదు. నా డబ్బు రాలేదు. నా కస్టమర్లు నన్ను తిట్టడం ఆపలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, మన్నించాలి.

నెల్లూరోళ్లకు మంచుతో ఏం పనని మీ ఆఫీసులో ఎవరైనా నవ్వొచ్చు. పని ఉంది సార్. రోహిణి కార్తెలో ఫ్యాను వేసుకున్నా ఒళ్లు కాలే ఊరు మాది. బతికుండగా ఒక్కసారైనా మంచులో నిలబడి ఫొటో దిగాలని ఇక్కడ ఎంతమందికి ఉంటుందో మీకు తెలియదు. శ్రీహరికోట ఉద్యోగులు ఎల్టీసీ (సర్కారు ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ) మీద వస్తారు. రొయ్యకు రేటు పలికిన ఏడాది ముత్తుకూరు, ఇందుకూరుపేట రైతులు కుటుంబాలతో వస్తారు. కుర్రాళ్లు ఫొటోతో ఆగరు, స్కీయింగ్ (కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారడం) నేర్చుకుంటామంటారు. కశ్మీరుకు ఎల్టీసీ విమానం సడలింపును 2026 సెప్టెంబరు దాకా పొడిగించారు, సంతోషం. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ వేశారు, మరీ సంతోషం. మనిషిని అక్కడిదాకా చేర్చే ఏర్పాట్లన్నీ బాగున్నాయి. చేరాక మంచుంటుందో లేదో చెప్పే నాథుడే లేడు.

2024 జనవరి మీకు గుర్తుండే ఉంటుంది. కశ్మీరులో చలి ముదిరే రోజులైన చిల్లాయ్ కలాన్ నడిమధ్యన, అక్కడి స్కీ ఊరు గుల్‌మార్గ్‌లో ఎండుగడ్డి కనిపించింది. డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు దాకా సాగే ఆ నలభై రోజుల్లో పడిన మంచే గట్టిపడి వసంతం దాకా నిలుస్తుందని అక్కడి టాక్సీ డ్రైవర్ని అడిగినా చెబుతాడు. ఆ ఏడాది పడమటి నుంచి వచ్చి మంచు కురిపించే వెస్ట్రన్ డిస్టర్బెన్సులు ముఖం చాటేశాయి, కొండ బోడిగా మిగిలింది. టీవీల్లో చూపించారు, వాట్సాప్‌లో తిప్పారు. నాకు ఫోన్ల మీద ఫోన్లు. "అన్నా, ఆడ గడ్డే ఉందంట గదా, మా అడ్వాన్సు మాకిచ్చేయ్" అని. వాళ్లు బుక్ చేసుకున్నది జనవరికి కాదు సార్, మార్చికి!

తర్వాత ఏమైంది? జనవరి నెలాఖరు నుంచి మంచు పడింది. ఫిబ్రవరి 21 నుంచి 25 దాకా అదే గుల్‌మార్గ్‌లో సర్కారు పెట్టే మంచు ఆటల పోటీలు, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరిగాయి. పిల్లలు స్కీల మీద జారి పతకాలు గెలుస్తున్న వారంలోనే నేను ఇక్కడ మార్చి బ్యాచ్‌కు డబ్బులు వెనక్కి లెక్కపెడుతున్నాను. జనవరి గడ్డి వీడియో ఫిబ్రవరిలో కూడా తిరుగుతూనే ఉంది. ఫిబ్రవరి మంచును ఎవరూ అంత శ్రద్ధగా ఫార్వర్డ్ చేయలేదు. "ఇప్పుడు బాగా పడింది, రండి" అని నేను చెబితే ఎవరు నమ్ముతారు? అమ్ముకునేవాడి మాట కదా. అదే మాట మీ శాఖ ముద్రతో, ఇన్ని అంగుళాలు ఉందని రోజూ వచ్చి ఉంటే సగం మందైనా ఆగేవాళ్లు.

ఇది మన జనం పిరికితనం అనుకోకండి. అమెరికాలోనూ ఇదే తంతు. బోస్టన్ వీధుల్లో మంచు లేకపోతే, పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ కొండల మీద బోలెడంత ఉన్నా జనం స్కీయింగ్‌కు కదలరని అక్కడివాళ్లు లెక్కలు తీసి మరీ తేల్చారు. మావాళ్ల వీధిలో మంచు ఎన్నడూ ఉండదు కాబట్టి వాళ్లకు వాట్సాపే వీధి. ఆ దేశంలో మంచు దండిగా పడిన 2010-11 సీజన్‌లో స్కీ కొండలకు సుమారు 6 కోట్ల 5 లక్షల సందర్శనలు నమోదైతే, మంచు తక్కువైన మరుసటి సీజన్‌లో అవి 5 కోట్ల 10 లక్షల దగ్గర ఆగాయి. అంత పెద్ద వ్యాపారమే ఒక్క చలికాలానికి అలా కుంగితే, ట్రంకు రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుని కూర్చున్న నేనెంత?

2025కు రండి. దాని గురించే నా అసలు గోడు.

ఈసారి మంచు పుష్కలమని అన్నిచోట్లా ఫొటోలు. అవి ఏ ఏడాదివో ఎవరికి తెలుసు? హిమాలయాల్లోని ఒక ఊళ్లో (పేరు రాయను, మళ్లీ అక్కడికే పోవాలి) స్కీయింగ్ నేర్పే ఒక సంస్థకు డిసెంబరులోనే ఫీజు మొత్తం కట్టాను. ఫిబ్రవరిలో కుర్రాళ్లనూ, రెండు కుటుంబాలనూ తీసుకుని పోయాను. కింద షాపులో గంబూట్లకూ ఓవర్‌కోట్లకూ అద్దె కట్టించుకున్నారు. "పైన స్నో ఉందా?" అంటే "బహుత్ హై సాబ్" అన్నారు. పైకి పోయి చూస్తే చెట్ల నీడన అక్కడక్కడా మురికిపట్టిన మంచు పెళ్లలు, మిగతాదంతా బురద. స్లెడ్జి (మంచు మీద లాగే చెక్కబండి) లాగే పెద్దాయన మా ముత్తుకూరు రైతును దాని మీద కూర్చోబెట్టి తడిగడ్డి మీద లాగాడు. నాలుగడుగులకు చెక్క మట్టిలో దిగబడింది. ఆయన దిగి, ప్యాంటు దులుపుకుని, నా వైపు తిరిగి అన్న మాట నాకింకా వినపడుతోంది: "ఏంది సామీ ఇది? మా ఐసు ప్లాంట్లో ఇంతకంటే ఎక్కువ మంచుంటదే!"

కుర్రాళ్ల సంగతి ఇంకా ఘోరం. కోర్సు రద్దంటే డబ్బు అడుగుతారని కాబోలు, రద్దు చేయలేదు. ఆ బరువైన ప్లాస్టిక్ బూట్లు వేయించి, గడ్డి మీద నిలబెట్టి, మోకాళ్లు ఎలా వంచాలో, స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఎలా ఆగాలో నేర్పించారు. జారనేలేదు, ఆగడం ఒకటి నేర్చుకున్నారు! రీఫండ్ అడిగితే ఫారం వెనకున్న చిన్న అక్షరాలు చూపించారు: వాతావరణానికి తాము బాధ్యులం కాదట. ఇంకో రోజు ఇవ్వండి, మార్చిలో మళ్లీ వస్తామంటే తేదీ మార్చడానికి వీల్లేదన్నారు. పైన మంచుంది, అక్కడికి పోయి ఆడుకోండని ఒకాయన ఉచిత సలహా. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉండేది కింది వాలు మీదనే, ముందు కరిగేదీ ఆ కింది వాలే. గుల్‌మార్గ్‌నే తీసుకోండి, నేర్చుకునే మైదానం 2,650 మీటర్ల ఎత్తున ఉంటే గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో ఫేజ్ దింపే అఫర్వత్ కొండ దాదాపు 4,000 మీటర్లు. అక్కడి నుంచి జారమని నెల్లూరు కుర్రాడికి చెప్పేవాడికి దండం పెట్టాలి.

ఇక్కడే నాకు కడుపు మండే విషయం ఒకటుంది. అదే ఫిబ్రవరిలో, 22 నుంచి 25 దాకా గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ను మంచు లేదని వాయిదా వేశారు. మార్చి 9 నుంచి 12 దాకా మంచు చూసుకుని జరిపారు. మంచి పని చేశారు. మంచు లేనిచోట ఆటలు పెడితే ఎవరి కాలైనా విరుగుతుంది. కానీ సార్, సర్కారు ఆటలకు తేదీ మారినప్పుడు డబ్బు కట్టిన మామూలు మనిషికి ఎందుకు మారదు? వాతావరణం మీకొకటి, మాకొకటా? మంచు మార్చికి పోయిందని మీకు తెలిసింది. నాకు తెలియలేదు. తెలిసి ఉంటే నేనూ నా బ్యాచ్‌ను మార్చికే తీసుకెళ్లేవాణ్ణి. ఆ మార్చి మంచును ఫోన్లో చూసి ఆ కుర్రాళ్లు నాకు పంపిన మెసేజీలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మార్చిలో స్కీయింగ్ అంటే మావాళ్లకు మామూలుగానే ఇబ్బంది. ఇంటర్ పరీక్షలు, పది పరీక్షలు అన్నీ అప్పుడే. బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ నెలాఖరున. మంచు బాగా పడిన ఏడాదైతే అప్పటికి కూడా పైన ఎక్కడో అక్కడ తెల్లగా దొరుకుతుంది, పిల్లలు మురిసిపోతారు. చలికాలంలో మంచు పడని ఏడాది ఆ ఆశ కూడా ఉండదు. ఆ మాట ఫిబ్రవరిలోనే చెప్పేయొచ్చు. చెబితే నేను వాళ్లను అటు కాకుండా ఊటీకో అరకుకో పంపుకుంటాను. చెప్పరు.

మా బావమరిది కొడుకు అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. ఫోన్ తీసి చూపించాడు ఒకసారి. ఒక్కో కొండకూ రోజూ పొద్దున్నే లెక్క పెడతారు: రాత్రి ఎన్ని అంగుళాలు పడింది, కింద ఎంత ఉంది, పైన ఎంత ఉంది, ఏ లిఫ్టు నడుస్తోంది, ఏ వాలు మూసేశారు. మంచు తక్కువైతే యంత్రాలతో నీళ్లు చిమ్మి తయారుచేస్తారు. దానికి కూడా చలి కావాలి, నీళ్లు కావాలి, కరెంటు కావాలి, తెలుసు. ఆ యంత్రాలు మనకేం కొత్త? ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం పెట్టాం. ఆ తర్వాత అదే ఔలీలో మంచు లేక పోటీలు రద్దయిన ఏళ్లున్నాయి. 2023 జనవరిలో కింది ఊరు జోషీమఠ్ నేల కుంగి బీటలు వారాక, అక్కడి నుంచి ఔలీకి ఎక్కించే రోప్‌వే కూడా ఆగింది. యంత్రాలు అడగడం లేదు సార్ నేను. ఒక కర్ర మీద అంగుళాలు గీసి మంచులో పాతి, రోజూ పొద్దున ఫొటో తీసి పెట్టండి, చాలు. దానికి టెండర్ కూడా అక్కర్లేదు.

ఇది వ్యాపారం గొడవే అనుకుంటే ఇంకో మాట. మొదట పలచగా పడిన మంచు చలికి పొడిపొడిగా మారి పట్టు కోల్పోతుంది, దాని మీద ఆలస్యంగా ఒక్కసారిగా బరువు పడితే పైదంతా జారిపోతుంది. 2024లో జనవరి దాదాపు అంతా ఎండిపోయి, ఫిబ్రవరిలో మంచు కురిసి, 22న గుల్‌మార్గ్ పైన మంచు చరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. ఎక్కడ ఎంత ఉందో, ఎక్కడికి పోకూడదో తెలియకుండా మా పిల్లల్ని పంపమంటారా?

అక్కడివాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ స్లెడ్జి పెద్దాయన డబ్బు సగం వెనక్కిచ్చాడు, వద్దన్నా వినలేదు. ఫీజు మొత్తం మింగినవాళ్లు మాత్రం ఏసీ గదిలోంచి బయటకే రాలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మంచు ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి, రోజూ అనండి. వాలు మూసేసిన రోజు డబ్బు వాపసు చేయాలనో, కనీసం అదే సీజన్‌లో ఇంకో తేదీ ఇవ్వాలనో ఒక రూలు పెట్టండి. పాత ఏడాది ఫొటోల కింద పాత ఏడాదని రాయించండి. నా ఫీజు సంగతి కూడా చూడండి, మర్చిపోవద్దు. ముఖ్యంగా మంచు ఉందో లేదో చెప్పండి. రాసిందే మళ్లీ రాస్తున్నానని నాకూ తెలుసు, ఏం చేయను, మొదటిసారి రాసినప్పుడు ఎవరూ చదవలేదు.

దసరా దాటితే చలికాలం టూర్లకు అడ్వాన్సులు మొదలవుతాయి. "ఈసారి గ్యారంటీగా స్నో ఉంటదా అన్నా?" అని ఇప్పటికే అడుగుతున్నారు. ఈలోగా మీ నుంచి ఏదో ఒక కబురు వస్తే వాళ్లకు చెప్పుకుంటాను. పాత అర్జీల కాపీలు దీనికి జతచేశాను. ఇవి కూడా కనపడకపోతే చెప్పండి, జిరాక్సు ఖర్చు నాదే, మళ్లీ పంపుతాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక టూర్ ఆపరేటర్, నెల్లూరు