బదిలీ కాదు, గడువు తీరిన మనిషిని అమ్ముకోవడం

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ క్రీడా పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. పేరున్న ఆటగాడికి ‘ఫ్రాంచైజీ ట్యాగ్’ (ఒప్పందం తీరినా ఒక ఏడాది ఆపుకునే హక్కు) తగిలించి, ఆ వెంటనే మరో జట్టుకు ‘బదిలీ’ చేయడం తెలివైన వ్యాపారమని మీ విలేకరి రాశారు. ఆ బదిలీ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేను 31 ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేశాను. అందులో సగం కాలం యూనియన్ పనుల మీద తిరిగాను. ఉద్యోగంలో ఉన్నవాణ్ని ఒక డిపో నుంచి ఇంకో డిపోకు పంపితే బదిలీ. గడువు తీరి, లెక్కలు తేల్చుకుని గేటు దాటుతున్నవాణ్ని వెనక్కి పిలిచి, వేరేవాళ్లకు అప్పగించి, వాళ్ల దగ్గర ప్రతిఫలం పుచ్చుకుంటే అది బదిలీ ఎలా అవుతుంది?

ఈ ఆట సంగతి నీకెందుకయ్యా అని మీ పాఠకులు అనుకోవచ్చు. 2021 నవంబరు నుంచి ఆరు నెలలు విస్కాన్సిన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. గ్రీన్ బే అక్కడికి దగ్గరే. జనాభా లక్ష దాటీ దాటని ఊరు. అంత చిన్న ఊరికి సొంతంగా ప్యాకర్స్ అనే జట్టు ఉంది, దానికి యజమాని అంటూ ఒక కోటీశ్వరుడు లేడు. వాటాదారులదే జట్టు. ఆ చలికాలంలో ఆరోసారి వాటాలు అమ్మకానికి పెట్టారు, ఒక్కొక్కటి 300 డాలర్లు. మా అల్లుడు ఒకటి కొని, ఆ పత్రానికి చట్రం కట్టించి హాల్లో గోడకు తగిలించాడు. డివిడెండు రాదు, లాభానికి అమ్ముకునే వీలూ లేదు. అభిమానం కొద్దీ కొనేది, అంతే. దాని కింద సోఫాలో కూర్చుని మా మనవడి పక్కన నేను ఆట నేర్చుకున్నాను. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆకుపచ్చ జెర్సీ, వీపు మీద 17 అంకె. అది డావంటే ఆడమ్స్ అంకె. ఆ సీజనులో ఆయన 123 సార్లు బంతి అందుకుని 1,553 గజాలు సాధించాడు. ఆ జట్టు చరిత్రలోనే అది రికార్డు.

2022 మార్చి 8న ప్యాకర్స్ ఆయనకు ట్యాగ్ వేశారు. మార్చి 17న లాస్ వెగాస్ రైడర్స్‌కు ఇచ్చేస్తున్నారని వార్త వచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజులు. బయట ఇంకా మంచు కరగలేదు. మా మనవడు ఫోనులో ఆ వార్త చూసి నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: “తాతయ్యా, ఆయన ఒప్పందం అయిపోయిందిగా, మరి మనం ఎలా అమ్ముతాం?” ఆ రాత్రి నేనూ అల్లుడూ కూర్చుని నియమాలన్నీ తిరగేశాం. మీ వ్యాసంలో లేనివి అందులో చాలా కనిపించాయి.

ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ, ఆ ఆట నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగులో ఊరికే రాలేదు. కోర్టుల్లో పోరాడి తెచ్చుకున్నారు. ఆ దావాలో ముందు వరుసలో ఉన్న పేరు రెజీ వైట్ అనే ఆటగాడిది. 1993లో రాజీ కుదిరింది, స్వేచ్ఛ వచ్చింది. అదే రాజీలో యజమానులు ఫ్రాంచైజీ ట్యాగ్‌నూ పెట్టించుకున్నారు: ఏటా జట్టుకు ఒక్క ఆటగాణ్ని, ఒప్పందం తీరినా, ఒక్క ఏడాది జీతం మీద ఆపుకోవచ్చు. ఆ జీతం ఆటలో ఆయన స్థానానికి అందుతున్న అత్యధిక జీతాల సగటును బట్టి గానీ, ఆయన క్రితం ఏడాది జీతానికి 120 శాతం లెక్కన గానీ, ఏది ఎక్కువైతే అది. ఇంకో మాట చెప్పాలి. ఆ స్వేచ్ఛ వచ్చిన తొలి ఏడాదే రెజీ వైట్ తనంతట తాను ఎంచుకుని వెళ్లింది గ్రీన్ బేకే. నాలుగేళ్లు తిరగకుండానే ఆ ఊరి జట్టు లీగు ఛాంపియన్‌షిప్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆటగాడి స్వేచ్ఛ వల్ల బాగుపడిన ఊరది. మిగతావాళ్లు మరిచినా ఆ ఊరు మరవకూడదు.

ట్యాగ్ అంటేనే తప్పని నేను అనను. చిన్న ఊరి జట్టు తన ప్రధాన ఆటగాణ్ని పెద్ద నగరాలు ఎగరేసుకుపోకుండా ఒక ఏడాది ఆపుకుని, మంచి జీతమిచ్చి, ఆడించుకుంటే సరే. ఆపుకోవడం అంటే ఉంచుకోవడం. అమ్మడానికి ఆపడం వేరు. 2009లో న్యూ ఇంగ్లాండ్ జట్టు ఏం చేసిందో చూడండి. మోకాలి గాయం నుంచి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) టామ్ బ్రేడీ తిరిగి వస్తున్నాడు. అయినా ఆయన స్థానంలో ఆడిన మ్యాట్ క్యాసెల్‌కు ఫిబ్రవరి మొదట్లో దాదాపు కోటీ 46 లక్షల డాలర్ల ట్యాగ్ వేశారు. నెల తిరగకుండానే మరో ఆటగాడు మైక్ వ్రేబెల్‌తో కలిపి కాన్సాస్ సిటీకి ఇచ్చి, డ్రాఫ్టులో 34వ వంతు పుచ్చుకున్నారు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. అక్కడ ముందు వంతు అంటే బంగారం.

మన ఐపీఎల్ వేలంలో ‘రైట్ టు మ్యాచ్’ ఉంది కదా, ఇదీ అలాంటిదేగా అని కొందరు అనుకోవచ్చు. కాదు. అక్కడ ముందు బయటి జట్లు పాట పాడతాయి, ధర తేలుతుంది, పాత జట్టు ఆ ధరకు తగ్గకుండా ఇస్తేనే ఆటగాడు మిగులుతాడు. ట్యాగ్ పడినవాడికి బయటి ధర తేలడమే కష్టం. సాధారణంగా వేసే ట్యాగ్‌లో మరో జట్టు ఆయన్ను తీసుకెళ్లాలంటే, పాత జట్టు ఆ ధర తానే ఇవ్వనంటే, డ్రాఫ్టులో తన మొదటి రౌండు వంతులు రెండు దానికి వదులుకోవాలి. ఆ షరతు చూసి ఎవరూ ముందుకు రారు. అప్పుడు పాత జట్టు తీరిగ్గా కూర్చుని, రెండుకు బదులు ఇంత ఇవ్వండి చాలు అని బేరం పెడుతుంది.

ఆడమ్స్ కోరుకున్నదే జరిగింది కదా అంటారు. నిజమే. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ ఆయనకు ఫ్రెస్నో స్టేట్‌లో సహచరుడు. అయిదేళ్లకు 14 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం కుదిరింది. గ్రీన్ బే కూడా అంత ఇవ్వడానికి సిద్ధపడిందన్నారు, ఆయనే వద్దనుకున్నాడు. అయితే నా అభ్యంతరం కూడా అక్కడే. ట్యాగ్ లేకపోతే ఆయన నేరుగా అక్కడికే వెళ్లేవాడు. ట్యాగ్ వల్ల కొత్తగా జరిగింది ఒక్కటే: రైడర్స్ చేతిలోని 22వ వంతు, 53వ వంతు గ్రీన్ బే చేతికొచ్చాయి. ఆడమ్స్ చెమటోడ్చి సంపాదించుకున్న హక్కుకు వచ్చిన వెల అది. అందులో ఆయనకు చిల్లిగవ్వ లేదు. విచిత్రమేమంటే 2014లో ఆయన గ్రీన్ బేకు వచ్చిందీ 53వ వంతులోనే.

మీ విలేకరి పూర్తిగా వదిలేసిన సంగతి సంతకం. ట్యాగ్ కాగితం మీద ఆటగాడు సంతకం పెట్టేదాకా ఆయన్ను ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఆటగాడి చేతిలో మిగిలిన పట్టు అదొక్కటే. ఆడమ్స్ లాంటివాడు ఆ సంతకాన్ని బిగబట్టి, వెళ్లే చోటూ వచ్చే డబ్బూ రెండూ తేలాకే పెట్టగలడు. అందరికీ అంత బలం ఉండదు. 2020లో జాక్సన్‌విల్ జట్టులో యానిక్ న్గాక్వేకు దాదాపు కోటీ 78 లక్షల డాలర్ల ట్యాగ్ పడింది. నెలల తరబడి సంతకం పెట్టలేదు. చివరికి మిన్నెసోటాకు వెళ్లడానికి జీతాన్ని కోటీ 20 లక్షలకు తగ్గించుకుని ఒప్పుకున్నాడు. జాక్సన్‌విల్‌కు రెండో రౌండు వంతు వచ్చింది. ఆయనకు కోత మిగిలింది. అక్టోబరులో మిన్నెసోటా ఆయన్ను బాల్టిమోర్‌కు పంపేసింది. 2018లో పిట్స్‌బర్గ్ ఆటగాడు లీవియన్ బెల్ అసలు సంతకమే పెట్టకుండా ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు. కోటీ 45 లక్షల డాలర్లు వదులుకుని, మరుసటి ఏడాది న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లాడు.

కోట్ల డాలర్లు తీసుకునేవాళ్ల మీద జాలేమిటి అని మా వీధిలో ఒకరు నన్ను అడిగారు. మోకాలు ఒక్కసారి తిరిగితే ముగిసిపోయే వృత్తి అది. గ్యారేజీలో నా ఎడమ చెయ్యి జాక్ కింద పడి నలిగినప్పుడు, మరుసటి నెల జీతం వస్తుందన్న ధైర్యం నాకుంది. ఏడాది కాగితం మీద ఆడేవాడికి మరుసటి ఏడాది ఏమీ లేదు. జీతం ఎంతన్నది వేరు, గడువు తీరాక ఎవరి దారి వారిదన్నది వేరు. రెండోది రోజుకూలీకైనా, తారకైనా ఒకటే.

అక్కడి ఆటగాళ్ల సంఘం 2020లో చేసుకున్న ఒప్పందం 2030 సీజను దాకా నడుస్తుంది. తర్వాతి చర్చల్లో ఒక్క షరతు అడిగితే చాలని నా అభిప్రాయం: ట్యాగ్ వేసిన జట్టు ఆ ఏడాది ఆ ఆటగాణ్ని తానే ఆడించాలి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే ట్యాగ్ రద్దు కావాలి, ఆయన స్వేచ్ఛగా వెళ్లాలి. అప్పుడు ఏ జట్టూ అమ్మకం కోసం ట్యాగ్ వేయదు.

మీ విలేకరి మీద నాకు కోపం లేదు. ఈ ఆట గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, ఆయన శ్రద్ధగానే రాశారు. వచ్చే ఆదివారం అదే పేజీలో సంతకం నియమాన్నీ, రెండు వంతుల నియమాన్నీ నాలుగు వాక్యాల్లో వేయించండి. ‘బదిలీ’ని తీసి ‘ట్యాగ్ వేసి అమ్మకం’ అని సవరణ ప్రచురించండి. ఆ కత్తిరింపు మా మనవడికి పంపిస్తాను. వాడు తెలుగు కూడబలుక్కుని చదవగలడు.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత మెకానిక్,
ఏలూరు